మూడో పేరు

నేను బాగ్దాదుకు వచ్చేనాటికి నాకు అయిదేళ్ళు, యుద్ధానికి ఏడాది.

ఈజిప్టులో మినియా దగ్గర మా పల్లె. అమ్మ కామెర్లతో పోయింది. నన్ను చూసుకోవడానికి నాన్న చెల్లెలు ఫిక్రియా అత్త ఒక్కతే ఉండేది, ఆవిడకే ఆరుగురు పిల్లలు. ఇరాక్‌లో మగవాళ్ళంతా ఇరాన్‌తో యుద్ధానికి పోయారట, ఏ పని కావాలంటే ఆ పని దొరుకుతుందట అని మా ఊరివాళ్ళు బయలుదేరుతుంటే, మా నాన్న అబ్దెల్ షాఫీ ఒక చేత్తో సంచీ, ఇంకో చేత్తో నన్నూ పట్టుకుని వాళ్ళతో కలిశాడు. "యుద్ధం జరిగే చోటికి ఆడపిల్లనెందుకురా?" అని ఎవరో అడిగితే, "పోనీ మీ ఇంట్లో ఉంచుకుంటారా?" అన్నాడట. మళ్ళీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

కొత్త బాగ్దాదు పేటలో హాజీ ఖలఫ్ అనే ఆయన రొట్టెల బట్టీలో నాన్నకు పని దొరికింది. అక్కడివాళ్ళకు పొద్దున లేస్తే సమూన్ రొట్టె ఉండాలి. రెండు కొసలూ మొనదేలి, నడుమ ఉబ్బి, చిన్న పడవలా ఉంటుంది. బట్టీ నోటి ముందు నిలబడి, పొడుగాటి చెక్క తెడ్డుతో వాటిని లోపలికి తోసి, కాలగానే బయటికి లాగాలి. అప్పటిదాకా ఆ పని చేస్తున్నవాడు జబ్బార్ అనే ఇరవయ్యేళ్ళ కుర్రాడు. వాడికి సైన్యం నుంచి పిలుపు వచ్చింది. వెళ్ళేముందు రెండు రోజులు తనే నాన్నకు పని నేర్పాడు.

"ఇగో, పిడికాడ పగిలింది, గుడ్డ చుట్టిన. గుడ్డ జారితే చెయ్యి కోస్కపోతది, చూస్కో," అన్నాడు తెడ్డు అందిస్తూ.

"నువ్వు వచ్చేదాకా జాగ్రత్తగా చూసుకుంటాను బాబూ," అన్నాడు నాన్న.

"చూస్కో గని మరీ అలవాటు చేస్కోకు. ఆర్నెల్లల్ల వస్త," అని నవ్వాడు జబ్బార్.

రెండు రాత్రులుగా మేము పిండి బస్తాల మీద పడుకుంటున్నామని తెలిసి, వాడే మమ్మల్ని వాళ్ళింటికి తీసుకుపోయాడు. వాళ్ళమ్మను వీధిలో అందరూ ఉమ్ జబ్బార్ అనేవారు, జబ్బార్ తల్లి అని. భర్త లేడు. నలభై దాటిన మనిషి, గట్టి గొంతు. నాన్నను పైనుంచి కిందిదాకా చూసింది.

"పరాయి మొగోనికి నా ఇంట్ల అర్ర ఇయ్య," అంది. తర్వాత నాకేసి చూసింది. బస్సు దుమ్ముకు నా జుట్టు అట్టలు కట్టి ఉంది. "ఈ పొల్లకిస్త. పొల్లతోని నువ్వు గూడ ఉండు."

ఆ సాయంత్రమే నన్ను వాకిట్లో పీట మీద కూచోబెట్టి తల రుద్దింది. నా ఈడుదే ఆమె కూతురు నిదాల్, చెంబుతో నీళ్ళు పోసింది. కళ్ళలో సబ్బు పడి నేను ఏడుస్తుంటే నిదాల్ తల్లిని అడిగింది: "అమ్మా, ఇది ఈజిప్టు భాషల ఏడుస్తున్నదా?"

మా మాట వేరు, వాళ్ళ మాట వేరు. రెండూ అరబీయే గానీ నేను నోరు తెరిస్తే చాలు బడిలో నవ్వు. "ఎక్కడికి వెళ్తున్నావు?" అని నేనంటే, నా వెనక పదిమంది నా యాసలో అదే మాట సాగదీసేవాళ్ళు. అది ఓర్చుకోవచ్చు. గురువారం పొద్దున జెండా ఎగరేసేటప్పుడు మాత్రం ఓర్చుకోలేకపోయేదాన్ని. పంతులమ్మ అడిగేది: "ఎవరి నాన్న సరిహద్దుల ఉన్నడు? ఎవరి అన్న ఉన్నడు?" బడంతా చేతులెత్తేది. నా చెయ్యి ఒక్కటీ కిందే ఉండేది. ఒకసారి వెనక వరసలో ఓ పిల్ల అందరికీ వినబడేలా అంది: "మా నాయనలు ఆడ చస్తుంటే దీని నాయన బట్టీకాడ చలి కాగుతుండు."

ఆ రోజు ఇంటికి ఏడుస్తూ వచ్చాను. జబ్బార్ సెలవు మీద వచ్చి ఉన్నాడు. ఆరు నెలలన్నవాడు రెండేళ్ళయినా సైన్యంలోనే ఉన్నాడు, ఏడాదికి మూడు నాలుగుసార్లు వారం రోజులు వచ్చేవాడు. నన్ను పక్కన కూచోబెట్టుకుని సంగతంతా విన్నాడు.

"నువ్వు 'ఎక్కడ' అంటున్నవ్ సూడు, అది బంజెయ్. 'ఏడ' అను."

"ఏడ."

"'తెలియదు' కాదు, 'తెల్వదు'. ఆఁ. మాట తొందరగ అనకు, మా లెక్క జెర బరువుగ అను. ఇగ ఎవడన్న నవ్విండంటే నా పేరు చెప్పు. నాకు అన్న ఉన్నడు, ఫావ్ దిక్కు సరిహద్దుల ఉన్నడు అని చెయ్యి ఎత్తు."

"అబద్ధం కదా?"

"నేను నీ అన్నను కానా? గట్లయితే నా రొట్టె నాకు ఇచ్చెయ్," అని నా చేతిలోది లాక్కున్నాడు.

ఆ తర్వాతి గురువారం నుంచి నేనూ చెయ్యి ఎత్తాను. నిదాల్ నాకేసి చూసి, నా చెయ్యి ఇంకాస్త పైకి లాగింది. రెండేళ్ళలో నా మాటలో ఈజిప్టు పోయింది. ఇంట్లో నాన్నతో ఒక మాట, వాకిట్లోకి దిగితే ఇంకో మాట. ఉమ్ జబ్బార్‌ను ఖాలా అనేదాన్ని, పిన్నమ్మను పిలిచినట్టు. నాన్న తెల్లవారుజామున బట్టీకి పోతే ఆమే నాకు జడ వేసేది, ఆమే తిట్టేది, ఆమే అన్నం పెట్టేది.

నాకు పదో ఏడు వచ్చిన చలికాలంలో ఫావ్ పట్టణం శత్రువు చేతికి పోయింది. జబ్బార్ దళం అక్కడే ఉంది. నెల తర్వాత ఒక కాగితం వచ్చింది. చనిపోయాడని లేదు, పట్టుబడ్డాడని లేదు. జాడ తెలియదని ఉంది.

అప్పటికి మా వీధిలో పదకొండు గోడలకు నల్లబట్టలు వేలాడుతున్నాయి. ఇంటి కొడుకు పోతే అతని పేరు, పోయిన చోటు తెల్లటి అక్షరాలతో రాయించి గోడకు కట్టడం అక్కడి రివాజు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చి ఖాలా చుట్టూ కూచున్నారు. నల్లబట్ట సంగతి ఎవరో మెల్లగా ఎత్తారు.

"శవం చూపియ్యుండ్రి, కడ్త," అంది ఖాలా. "అప్పటిదాంక నా గోడ జోలికి రాకుండ్రి."

పట్టుబడిన సైనికుల పేర్లు టెహ్రాన్ రేడియో రోజూ సాయంత్రం అరబీలో చదువుతుందని వీధిలో అందరికీ తెలుసు. వినడం నేరమనీ తెలుసు. పక్క వీధిలో ఒకాయన్ని దానికోసమే పట్టుకుపోయారు, మళ్ళీ రాలేదు. ఖాలాకు ఒక చెవి మందం. నిదాల్‌కు భయం, రేడియో ముట్టుకుంటేనే వణికేది. ఒకరోజు ఖాలా మా గదికి వచ్చి నాన్న ఎదురుగా కూచుంది. నా పేరు ఇన్సాఫ్ కాబట్టి నాన్నను అబూ ఇన్సాఫ్ అనేది, ఇన్సాఫ్ తండ్రి అని.

"అబూ ఇన్సాఫ్, నీ బిడ్డను రోజుకొక గంట నాకియ్యి. రేడియో ఇంటది," అంది.

నాన్న ముఖం పాలిపోయింది. "అక్కా, అది చిన్నపిల్ల."

"ఈజిప్టు పిల్ల. ఎవడన్న వస్తే కైరో స్టేషన్ ఎతుకుతున్ననని చెప్తది. నమ్ముతరు. నా బిడ్డ చెప్తే నమ్మరు."

"నమ్మకపోతే?"

"మమ్ముల ఉరి తీస్తరు. మిమ్ముల బస్సెక్కిస్తరు."

నాన్న నన్ను దగ్గరికి తీసుకున్నాడు. తర్వాత నాతో అన్నాడు: "ఆ కుర్రాడి చోట నిలబడి తింటున్నానమ్మా. కాదని ఎలా అనను?"

అలా మొదలైంది. సాయంత్రం నమాజు అయ్యాక వంటింటి వెనక సామాన్ల గదిలో నేను, రేడియో, మా ఇద్దరి మీదా ఒక దుప్పటి. నిదాల్ వీధి గుమ్మంలో కూచుని గచ్చకాయలాడుతున్నట్టు నటించేది. ఎవరైనా వస్తే గట్టిగా దగ్గాలి. రేడియోలో ఒకాయన ఏ తొందరా లేకుండా చదువుకుంటూ పోయేవాడు. మనిషి పేరు, తండ్రి పేరు, తాత పేరు, ఊరు. ఆ దేశంలో మూడు పేర్లూ కలిస్తేనే మనిషి. జబ్బార్ కాదిమ్ ఉలైవీ. రోజుకు ముప్ఫై నలభై పేర్లు వినేదాన్ని. అబ్బాస్‌లు, హమీద్‌లు, మూడు సార్లు జబ్బార్‌లు కూడా వచ్చారు. ఎవరి తండ్రీ కాదిమ్ కాదు. బయటికి రాగానే ఖాలా నా ముఖం చూసేది. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. "మంచిది, అన్నం తిను," అనేది.

ఒకరోజు నిదాల్ దగ్గింది. దగ్గు ఆగకముందే, మా వీధి మీద కన్నేసి ఉండే అధికార పార్టీ మనిషి లోపలికి వచ్చేశాడు. ఏదో చందా కాగితం పట్టుకుని వచ్చాడు. దుప్పటి తీసి చూశాడు. అప్పటికే ముల్లు తిప్పేశాను గానీ ఏ స్టేషనూ పడలేదు, ఉత్త గరగర.

"ఏం ఇంటున్నవే?"

నేను ఏళ్ళ క్రితం వదిలేసిన యాస ఎక్కడినుంచి వచ్చిందో, ధారగా వచ్చేసింది. "కైరో అండీ బాబుగారూ! ఈపాటికి నాటకం వచ్చేస్తుందండీ. ఈ దిక్కుమాలిన రేడియో చూడండి, గురక పెడుతోంది. మీరైనా కాస్త పెట్టి పెడతారా?"

వాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "బాబుగారు! ఇంకోసారి అను." అన్నాను. మూడోసారీ అనిపించుకున్నాడు. పోతూ పోతూ ఖాలాతో, "ఈ ఈజిప్టోళ్ళకు నాటకాలుంటే చాలు, దేశం కాలిపోనీ," అన్నాడు. వాడు పోయాక ఖాలా గోడకు చేరగిలబడి నేల మీద కూచుండిపోయింది. నా లాగు తడిసి ఉందని అప్పుడు చూసుకున్నాను.

అయినా మర్నాడు మళ్ళీ దుప్పటి కింద కూచున్నాను.

ఆ ఏడే, చలి మొదలైన రోజుల్లో, ఆ గొంతు "జబ్బార్ కాదిమ్" అంది. ఆ వెంటనే రేడియోలో పెద్ద చప్పుడు, అట్ట చింపినట్టు. నేను దాన్ని చెవికి అదుముకున్నాను. చప్పుడు తగ్గేసరికి ఆయన ఇంకెవరి పేరో చదువుతున్నాడు.

నేను దుప్పటి తోసేసి బయటికి వచ్చాను. ఏం చెప్పాలో అనుకోలేదు. నా ముఖంలోనే ఏదో ఉంది. ఖాలా చేతిలో గరిటె పట్టుకుని నిలబడి ఉంది.

"ఇన్నవా?"

"జబ్బార్ కాదిమ్," అన్నాను.

"ఉలైవీ?" ఆమె గొంతు సన్నగా అయిపోయింది. ఆ గొంతులోంచి అలాంటి శబ్దం అంతకుముందు వినలేదు. "ఉలైవీ అన్నడా బిడ్డా?"

"అన్నడు," అన్నాను.

ఆమె కేక పెట్టబోయి రెండు చేతులతో నోరు మూసుకుంది. వీధికి వినబడకూడదు. నన్ను ఎత్తుకుంది. పదేళ్ళ పిల్లను, ఎత్తుకుని వంటింట్లో గిరగిరా తిరిగింది. నిదాల్ పరిగెత్తుకొచ్చి ఇద్దర్నీ పట్టుకుంది. ముగ్గురం చప్పుడు చెయ్యకుండా ఏడ్చాం. ఆ రాత్రే ఆమె ఖర్జూరాల హల్వా చేసి వీధంతా పంచింది. ఎందుకని అడిగితే, మొక్కు అంది.

పడుకునేటప్పుడు నిదాల్ నన్నడిగింది: "నిజంగ ఇన్నవా?" విన్నానన్నాను. రెండు పేర్లు విన్న మాట నిజమే. మూడోది కూడా అదే అయి ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. కొన్నాళ్ళకు ఆ గొంతు "ఉలైవీ" అనడం కూడా నా చెవుల్లో వినిపించసాగింది.

ఆ తర్వాత ఏడాది ప్రభుత్వం మనిషి ఒకడు వచ్చాడు. జాడ తెలియనివాళ్ళను అమరుల్లో రాయించుకోవచ్చు, తల్లికి పింఛను వస్తుంది, వేలిముద్ర వేస్తే చాలన్నాడు. ఖాలా ఆ కాగితాన్ని అతని చొక్కా జేబులో కుక్కింది. "నా కొడుకు బతికుండు. బతికున్నోన్ని చంపి తినుమంటవా?" అంది. ఎలా తెలుసని అతనడిగితే, కలలోకి వచ్చాడంది. పింఛను లేదు. ఇంట్లో మంచి మంచం పోయింది, తర్వాత కుట్టు మిషను కూడా పోయింది. ఊళ్ళోవాళ్ళ గోధుమలు విసిరి, బట్టలుతికి నెట్టుకొచ్చింది. ఆమె వేళ్ళు సోడాకు పగిలి నెత్తురు కారేవి. నేను నూనె రాసేదాన్ని. చెప్పేద్దామని నోటిదాకా వచ్చేది.

యుద్ధం చివరి ఏడు బాగ్దాదు మీద క్షిపణులు పడ్డాయి. ఒకటి మా వీధి చివర పడింది. ఇల్లంతా ఊగి, అద్దాలన్నీ గదిలోకి వచ్చాయి. మేం ముగ్గురం మంచం కింద దూరాం. ఖాలా మా ఇద్దరి తలలూ తన పొట్టకు అదుముకుని అంది: "నేను పోతే జబ్బార్‌కు చెప్పుండ్రి, ఒక్క దినం గూడ నల్లబట్ట కట్టలేదని." ఆ మాట విన్నాక ఇంక చెప్పలేకపోయాను.

ఆగస్టులో యుద్ధం ఆగింది. జనం వీధుల్లో పడి ఒకరి మీద ఒకరు నీళ్ళు కుమ్మరించుకున్నారు. తెలిసినవాళ్ళు, తెలియనివాళ్ళు అని లేదు. ఖాలా బకెట్ పట్టుకుని గుమ్మంలో నిలబడి, పోయే ప్రతి మనిషి మీదా నీళ్ళు చల్లింది. "ఇగ ఒస్తడు," అంది. ఖైదీలను మాత్రం ఎవరూ వదల్లేదు. రెండేళ్ళు అలాగే గడిచాయి.

ఆ రెండేళ్ళలో మాకు రోజులు మారాయి. సైన్యం నుంచి లక్షలమంది ఇళ్ళకు వచ్చారు. వచ్చి చూస్తే వాళ్ళ పనుల్లో మావాళ్ళున్నారు. బస్సుల్లో ఈజిప్టు మాట వినబడితే కొట్టేవాళ్ళు. ఒక సాయంత్రం బట్టీ నుంచి వస్తుంటే నలుగురు నాన్నను ఆపి, "ఎనిమిదేండ్లు మా ఇండ్లల్ల మంచిగ బతికినవా?" అని అడిగారు. నాన్న జవాబు చెప్పేలోపే రాయితో కుడిచెయ్యి చితక్కొట్టారు. ఖాలా గుడ్డుసొన, పిండి కలిపి కట్టు కట్టింది. కట్టు కడుతూ ఆ నలుగురి తల్లులనూ పేరుపేరునా తిట్టింది, ఆ తల్లులెవరో ఆమెకు తెలియకపోయినా. ఎముక వంకరగా అతికింది. తెడ్డు పట్టుకోలేకపోయాడు. హాజీ ఖలఫ్ ఆ చోట ఒక మాజీ సైనికుణ్ణి పెట్టుకుని, నాన్నను గుమ్మం ఊడవడానికి ఉంచుకున్నాడు.

"ఎందుకు నాన్నా ఇంకా ఇక్కడ?" అని అడిగాను.

"అక్కడ మనకేముందమ్మా?" అన్నాడు. నాకైతే 'అక్కడ' అంటే ఏమిటో కూడా సరిగా గుర్తులేదు.

నాకు పద్నాలుగేళ్ళప్పుడు, ఆగస్టు నెలలో, ఇరాక్ సైన్యం కువైట్‌లోకి పోయింది. ఈజిప్టు అవతలి పక్షంలో చేరింది. వీధిలో మావాళ్ళన్నవాళ్ళందరూ మూటలు కట్టారు. నాన్న కూడా జోర్డాన్ వెళ్ళే బస్సుకు పేరు రాయించాడు. సరిగ్గా అదే వారం ఖైదీలను వదలడం మొదలైంది. సరిహద్దు నుంచి బస్సులు వచ్చి ఊరి బయట ఒక మైదానంలో ఆగేవి. ఖాలా మూడు రోజులు వరసగా పోయింది. నాలుగో రోజు నన్ను కూడా రమ్మంది.

"నువ్వు ఇన్న పొల్లవు. నీ కాలు మంచిది," అంది.

మైదానం నిండా ఆడవాళ్ళు. చేతుల్లో ఫొటోలు. బస్సుల్లోంచి దిగుతున్నవాళ్ళు పళ్ళూడి, జుట్టు నెరిసి, ఫొటోల్లోవాళ్ళలా లేరు. ఖాలా చంకలో తువ్వాల్లో చుట్టిన గిన్నె ఉంది, కొడుక్కిష్టమని ఆకుల్లో బియ్యం చుట్టి ఉడికించిన దోల్మా. దిగిన ప్రతివాడినీ "జబ్బార్ కాదిమ్ తెల్సా, బిడ్డా? జబ్బార్ కాదిమ్?" అని అడుగుతోంది. అలా అడుగుతుంటే వెనక నుంచి ఎవరో, "నేనే అమ్మా," అన్నారు.

ఇద్దరం గిరుక్కున తిరిగాం. పొడుగ్గా, కర్రలా ఉన్న మనిషి. జబ్బార్ కాదు. జబ్బార్ ఎంత మారినా నేను గుర్తుపడతాను. జబ్బార్ కాదు.

"జబ్బార్ కాదిమ్ అల్వాన్," అన్నాడతను. "మాది నాసిరియా. నా కోసమేనా?"

ఖాలా తల అడ్డంగా ఊపింది. "మా వాడు జబ్బార్ కాదిమ్ ఉలైవీ. ఫావ్‌ల పట్టుబడ్డడు."

"నేను గూడ ఫావ్‌లనే పట్టుబడ్డ. ఫావ్ ఖైదీలందర్ని ఒక్క క్యాంపులనే ఉంచిన్రు అమ్మా, నాలుగేండ్లు. జబ్బార్ కాదిమ్ అంటే నేనొక్కన్నే. రేడియోల గూడ సదివిన్రు నా పేరు. మా అమ్మ ఇన్నదో లేదో," అన్నాడు. చుట్టూ చూశాడు. అతని కోసం ఎవరూ రాలేదు.

ఖాలా చంకలోని గిన్నె తీసి అతని చేతిలో పెట్టింది. అతను నిలబడే, వేళ్ళతో, ఆవురావురుమంటూ తిన్నాడు. తింటున్నంతసేపూ ఆమె అతని నోటికేసి చూసింది. అతను ఖాళీ గిన్నె ఇచ్చి చెయ్యి ముద్దుపెట్టుకుని పోయాక నావైపు తిరిగింది.

"ఇన్సాఫ్. ఆ దినం మూడో పేరు ఏమన్నడు?"

"ఇనవడలేదు ఖాలా. గరగర వచ్చింది. రెండే ఇన్న."

కొడుతుందనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. ఆమె గిన్నెను తువ్వాల్లో చుట్టింది, మూడు సార్లు విప్పి మళ్ళీ చుట్టింది. "నాలుగేండ్లు," అంది. "నాలుగేండ్లల ఒక్క దినం దొరకలేదానే నీకు, చెప్పనీకి?" అని నడిచిపోయింది. నేను పదడుగుల వెనక నడిచాను.

ఇంటికి వచ్చి పెట్టె తెరిచి నల్లబట్టలు కట్టుకుంది. తలుపేసుకుంది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నా అన్నం నిదాల్ తెచ్చి గుమ్మంలో పెట్టి పోయేది. నేను నాన్నకు అంతా చెప్పాను. ఆయన తలుపు బయట నిలబడి, "అక్కా, దాని తప్పు నాది. పంపింది నేనే," అన్నాడు.

బయలుదేరే రోజు పొద్దున కూడా ఆ తలుపు తెరుచుకోలేదు. నేను గడప దగ్గర కూచుని, "ఖాలా, పోతున్న," అన్నాను. రెండోసారీ అన్నాను. నిదాల్ నా మెడ పట్టుకుని ఏడ్చింది. ఆ తర్వాత నాన్న మూట ఎత్తాడు.

బస్సులు బయలుదేరే గరాజులో ఇసుక వేస్తే రాలనంత జనం, అందరూ మావాళ్ళే. బస్సు తలుపు దగ్గర ఇద్దరు సైనికులు సంచీలు విప్పి చూస్తూ, నచ్చింది తీసుకుంటూ, నచ్చినవాళ్ళను ఎక్కిస్తున్నారు. మా వంతు వచ్చేసరికి ఒకడు నాన్న గొంతు విని మొహం చిట్లించాడు.

"పదేండ్లు మా రొట్టె తిన్నరు. గిప్పుడు మా మీదికే ఫౌజు పంపుతరా? నువ్వు ఆఖర్ల ఎక్కు. బస్సుంటే ఎక్కు." నాన్న వంకర చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. నాన్న నొప్పికి కూచుండిపోయాడు. నేను అరిచాను, ఏమని అరిచానో తెలియదు. వాడు నాకేసి ఆశ్చర్యంగా చూశాడు: "నువ్వు మా లెక్క మాట్లాడుతున్నవేంది?"

"మా లెక్కనే మాట్లాడ్తది. నా ఇంట్ల పెరిగింది."

గుంపును మోచేతులతో తోసుకుంటూ ఖాలా వస్తోంది. తల నుంచి కాలిదాకా నలుపు. వెనక నిదాల్. ఖాలా వచ్చి వాడి చెయ్యి మీద చెయ్యి వేసింది.

"ఇడువు వాన్ని. నేను అమరుని తల్లిని."

వాడు తగ్గాడు. అక్కడ ఆ మాటకు ఎవరైనా తగ్గుతారు. "ఏ అమరుడమ్మా? ఎవరు?"

కొడుకు పోయాడన్న మాట అంతవరకూ ఆమె ఎవరితోనూ అనలేదు, తనతో తను కూడా అని ఉండదు.

"జబ్బార్ కాదిమ్ ఉలైవీ," అంది. "ఫావ్‌ల పోయిండు. ఈయన నా కొడుకు జాగల నిలవడి తొమ్మిదేండ్లు ఈ ఊరికి రొట్టె పెట్టిండు. నువ్వు గూడ తినే ఉంటవ్. ఎక్కనియ్యి."

వాడు పక్కకు జరిగాడు. ఆమె నాన్న మూట తనే ఎత్తి లోపలికి విసిరింది. నా వీపు మీద అరచెయ్యి పెట్టి మెట్ల మీదికి తోసింది. నేను తిరిగి, ఆమె ఒంటి నిండా కప్పుకున్న అబాయా అంచు పట్టుకున్నాను.

"ఖాలా..."

"ఎక్కు," అంది. నా వేళ్ళు ఒక్కొక్కటే విడిపించింది. "మళ్ళ దిగకు."

బస్సు కదిలాక కిటికీలోంచి చూశాను. ఆమె ఇంకా ఆ సైనికుడికి వేలు చూపించి ఏదో చెబుతోంది. చెబుతూ చెబుతూనే నేల మీద కూలబడింది. నిదాల్ వంగి పట్టుకుంది. ఇంకో బస్సు అడ్డం వచ్చింది.

జోర్డాన్ ఎడారిలో గుడారాల కింద పంతొమ్మిది రోజులున్నాం. తర్వాత ఓడ, రైలు, మినియా. ఫిక్రియా అత్త నన్ను కావలించుకుని, "ఎక్కడున్నావే ఇన్నాళ్ళూ?" అంటే, "ఆడనే ఉన్న," అనబోయి నోరు మూసుకున్నాను. బడిలో నాకు 'ఇరాకీ' అని పేరు పడింది. జనవరిలో బాగ్దాదు మీద బాంబులు పడుతున్నాయని రేడియో చెప్పిన రోజు పంతులుగారు మన సైన్యం కోసం దువా చెయ్యమన్నారు. పిల్లలంతా చేతులు చాపారు. నేను మాత్రం చాపలేదు. గోడ దగ్గర నిలబెట్టారు.

నిదాల్ ఉత్తరం ఒక్కటే వచ్చింది, పదిహేను నెలల తర్వాత, ఎవరి చేతనో పంపించింది. బట్టీ పిండి లేక మూతబడిందని రాసింది. మేం వచ్చేసిన వారానికి గోడకు నల్లబట్ట కట్టారని, శవం లేకుండానే మూడు రోజులు సంతాపం పట్టారని రాసింది. మరుసటి రంజానులో వాళ్ళమ్మకు జ్వరం వచ్చి, మందు దొరక్క పోయిందని రాసింది. ఆ కింద ఇలా ఉంది: "నువ్వు అడుగుతవని రాస్తున్న. నీ గురించి అమ్మ ఆఖరు దాంక ఏం అనలేదు. తిట్టలేదు, మాఫ్ చేసిన అని గూడ అనలేదు. నీ దువ్వెన గూట్లనే ఉంచింది. దాన్ని నన్ను ముట్టనియ్యలేదు. గంతే నాకు తెల్సు."

నేను జవాబు రాశాను. నాలుగుసార్లు రాశాను. అందాయో లేదో తెలియదు.

ఆ ఉత్తరం చదివిన రోజు నాన్న వాకిట్లో చాప పరిచాడు. మా ఊళ్ళో చావు ఇంట అలాగే పరుస్తారు. దారినపోయే వాళ్ళు చూసి ఆగారు. ఎవరు పోయారని అడిగారు. మా ఖాలా అన్నాను. "మీ అమ్మకు అక్కచెల్లెళ్ళు లేరు గదే?" అంది ఫిక్రియా అత్త. నాన్న ఆమెకేసి చూశాడు. అత్త ఇంకేమీ అడగకుండా లోపలికి పోయి, చావు ఇంట ఇచ్చే పంచదార వెయ్యని కాఫీ పెట్టుకొచ్చి, వచ్చినవాళ్ళందరికీ ఇచ్చింది. మూడు రోజులు కూచున్నాం.